జెన్‌కాన్‌లో నలుగురం: నా అనుభవం

మే నెలలో ఒక ఆదివారం. నలుగురం నాలుగు చోట్ల కంప్యూటర్ల ముందు కూర్చుని, ఫోన్లు స్పీకర్‌లో పెట్టుకుని గడియారం చూస్తున్నాం. టైమ్ కాగానే అందరం ఒక్కసారి బటన్ నొక్కాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "నాది 9 వేల పైన," అన్నాడు మావాడు. నాది 13 వేలు దాటింది. అక్కది ఇంకా వెనక. చివరికి చెల్లి నెమ్మదిగా, "అన్నయ్యా, నాకు 2,400 చూపిస్తోంది. ఇది మంచిదేనా?" అని అడిగింది. ముగ్గురం ఒకేసారి కేక పెట్టాం.

ఆ అంకె క్యూలో మా చోటు. బల్ల మీద ఆడే ఆటల సంబరం జెన్‌కాన్‌లో ఏ రోజు, ఏ గంటకు, ఏ బల్ల దగ్గర ఏ ఆట ఆడాలనుకుంటున్నామో ముందే ఎంచుకుని విష్‌లిస్ట్ తయారు చేసుకోవాలి. వేల లిస్టులు ఒకేసారి వచ్చి పడతాయి కనుక ఎవరిది ముందు చూడాలో ఆ క్యూ నంబరే తేలుస్తుంది. స్నేహితుల ఖాతాలు కలుపుకునే వీలుంది. అందుకే నలుగురం ఒకే లిస్టు రాసుకున్నాం, ఎవరి నంబరు ముందొస్తే వాళ్ల మీదే అందరికీ టికెట్లు తీసుకోవచ్చని.

మా నలుగురి గురించి చెప్పాలి. మావాడంటే ఇంజనీరింగ్ హాస్టల్లో నా రూమ్మేట్, అప్పటినుంచీ ఆటల్లో నాకు జోడీ. చెల్లి వాడి భార్య. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది కాబట్టి నాకు చెల్లే. అక్క నా పాత ఆఫీసులో సీనియర్. గంటల తరబడి సాగే వ్యూహాల ఆటల్లో ఆవిడ ముందు నిలబడటం కష్టం. చెల్లికి మాత్రం ఆటలంటే ఇష్టం కన్నా బెరుకే ఎక్కువ. "మీకు రూల్స్ అన్నీ వచ్చు. నేను ఆటలో అరటిపండునే కదా, నేనెందుకు?" అని మొదట రానంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. బోర్డు గేముల పిచ్చి ఉన్నవాళ్లం ఇంటికొచ్చిన వాళ్లకు చేసే అన్యాయం అదే మరి. పెట్టె తెరిచి అరగంట రూల్స్ చెప్తాం. వాళ్లు తలూపుతారు. ఆట మొదలయ్యాక "ఇక్కడ పెట్టు, అది కాదు, ఇది తియ్యి" అంటూ వాళ్ల వంతు కూడా మనమే ఆడేస్తాం. పైగా వాళ్లకు ఆసక్తి లేదనుకుంటాం.

అమెరికాలో బల్ల మీద ఆడే ఆటలకు జరిగే అతి పెద్ద సంబరం జెన్‌కాన్. ఏటా వేసవిలో గురువారం నుంచి ఆదివారం దాకా ఇండియానాపొలిస్‌లో జరుగుతుంది. 1968లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో, ఒక్క హాలు అద్దెకు తీసుకుని, వంద మంది దాకా పోగై ఆడుకున్న చోటు నుంచి ఇది మొదలైంది. జెన్‌కాన్‌లో 'జెన్' ఆ జెనీవాదే. 2003 నుంచి ఇండియానాపొలిస్‌లో స్థిరపడింది. 2023లో వచ్చినవాళ్లు 70 వేలు దాటారు. వినడానికి అంకె బాగానే ఉంటుంది గానీ, 70 వేల మందికి గదులు కావాలంటే ఏమవుతుందో బుక్ చేసుకునేటప్పుడు తెలిసింది. హోటల్ గదులు ఎవరు ఎప్పుడు బుక్ చేసుకోవాలో లాటరీయే తేలుస్తుంది. మాకొచ్చిన సమయానికి కన్వెన్షన్ సెంటర్ పక్కనున్నవన్నీ అయిపోయాయి. దూరంగా దొరికిన గదిలో సర్దుకున్నాం. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

చెల్లి నంబరు మంచిదే అయినా నలుగురం కలిసి ఆడేలా దొరికినవి రెండే ఆటలు. మిగిలిన వాటిలో ఒకచోట ఒక సీటు, ఒకచోట రెండు. మావాడు డీలా పడ్డాడు. "కలిసి ఆడటానికేగా అంత దూరం వెళ్తున్నది?" అన్నాడు. అక్క మాత్రం, "కలిసి ఆడటానికి మా ఇంట్లో బల్ల చాలదూ? ఎవరికి దొరికింది వాళ్లు ఆడండి, రాత్రికి చెప్పుకుందాం," అన్నారు. అప్పుడు అది ఓదార్పు మాటలాగే వినిపించింది.

గురువారం పొద్దున పదింటికి ఎగ్జిబిట్ హాలు తలుపులు తీస్తారు. తొమ్మిదిన్నరకే వరండాలు నిండిపోయాయి. మా ముందు నిలబడ్డ ఇద్దరు నేల మీద చతికిలబడి చిన్న పేక కట్ట తీసి పంచుకోవడం మొదలుపెట్టారు. మావాడు చెప్పాడు, మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట పుట్టిందే ఇలాంటి ఖాళీల కోసమని. ఎక్కడికైనా తీసుకెళ్లగలిగేలా, ఒక ఆటకూ ఇంకో ఆటకూ మధ్య దొరికే కాస్త సమయంలో ముగిసేలా ఒక ఆట చేయమని ఆటల కంపెనీ నడిపే పీటర్ యాడ్కిసన్ అడిగితే రిచర్డ్ గార్ఫీల్డ్ చేసిన ఆట అది. 1993లో జెన్‌కాన్‌కు వచ్చినవాళ్లు దాన్ని కట్టలు కట్టలుగా కొనుక్కెళ్లారు. ఆ యాడ్కిసనే 2002లో జెన్‌కాన్‌ను కొనుక్కున్నాడు కూడా. వరండాలో కూర్చున్న ఆ ఇద్దరినీ చూస్తూ వింటుంటే, ఆ ఆట ఎందుకలా అల్లుకుపోయిందో ఎవరూ వివరించనక్కర్లేదనిపించింది.

తలుపులు తెరిచాక ఒక్కసారిగా హోరు. రంగులు, బ్యానర్లు, గుట్టలుగా పెట్టెలు. మొదటి గంటలో మేం చేసిన పొరపాటు అన్నీ చూసేయాలని తిరగడం. ఎక్కడా కూర్చోలేదు, ఏదీ ఆడలేదు, కాళ్లు మాత్రం లాగాయి. ఆ తర్వాత ఒక స్టాల్ దగ్గర డెమో బల్ల ఖాళీ అవగానే కూర్చున్నాం. అక్కడ ఆట నేర్పుతున్న అమ్మాయి చేసిన పని నాకిప్పటికీ గుర్తుంది. రూల్స్ పుస్తకం ముట్టుకోలేదు. మా నలుగురి ముందూ రెండేసి ముక్కలు పెట్టి, "వీటిలో మీకు నచ్చింది బల్ల మీద పెట్టండి," అంది. పెట్టాం. "ఇప్పుడు దాని మీద రాసింది చేయండి." చేశాం. రెండు చుట్లు తిరిగేసరికి, ఎవరూ ఏమీ చెప్పకుండానే, తర్వాత ఏం చేయాలో మాకు తెలిసిపోయింది. గెలవడం ఎలాగో ఆ తర్వాత చెప్పింది. పావుగంటలో చెల్లి నవ్వుతూ నా పావును బోర్డు మీంచి తోసేసింది. మా ఇంట్లో నాలుగేళ్లుగా నేను చేయలేకపోయిన పని ఆ అమ్మాయి పావుగంటలో చేసింది. రోజంతా వందల మందికి అదే ఆట, అంతే ఓపికతో నేర్పుతూనే ఉంది. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

ఆ రోజు సాయంత్రం చెల్లికీ నాకూ కలిపి, ఒక్కొక్కరూ ఒక పాత్రగా కథలో నడిచే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల మీద రెండు సీట్లు దొరికాయి. నాలుగు గంటల ఆట, కొత్తవాళ్ల కోసం. ఆరుగురు ఆటగాళ్లు, కథ నడిపే డంజన్ మాస్టర్ ఒకాయన. అరవై ఏళ్లు దాటి ఉంటాయి. బల్ల మధ్యలో ఒక చిన్న అట్టముక్క పెట్టారు, దాని మీద ఎక్స్ అని గీసి ఉంది. "కథలో ఏదైనా మీకు ఇబ్బందిగా అనిపిస్తే దీన్ని తాకండి. ఎందుకని అడగను, కథ దారి మారుస్తాను," అన్నారు. చెల్లి భుజాలు కాస్త సడలడం చూశాను. తర్వాత ముందే రాసి ఉంచిన పాత్రల కాగితాలు పరిచారు. చెల్లి వైద్యం తెలిసిన పూజారిణిని ఎంచుకుంది, నేను విలుకాడిని.

కాగితం నిండా అంకెలే. చెల్లి వాటిని చూసి, "ఇవన్నీ నేర్చుకోవాలా?" అని మెల్లగా నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన విన్నారు. "అక్కర్లేదమ్మా. నువ్వు ఏం చేయాలనుకుంటున్నావో చెప్పు. ఏ పాచిక వేయాలో నేను చెప్తాను," అన్నారు. నిజానికి ఆయన అన్నది ఇంగ్లీషులోనే, కానీ ఆ గొంతులోని ఆప్యాయతకు నా చెవికి అలాగే వినిపించింది.

కథ ఇది. వరదకు కొట్టుకుపోయిన ఊళ్లో పాడుబడ్డ పిండిమర. లోపలి నుంచి రాత్రుళ్లు ఏడుపు. తలుపు లోపల గడియ వేసి ఉంది. మా బల్ల మీద అనుభవం ఉన్నవాళ్లు ముగ్గురున్నారు. ఒకరు గొడ్డలి తీశారు, ఒకరు కిటికీ వెతికారు, ఇంకొకరు తాళం పరికరాలు ఉన్నాయన్నారు. నేను పైకప్పు ఎక్కుతానన్నాను. చర్చ పది నిమిషాలు సాగింది. అప్పుడు చెల్లి చెయ్యెత్తి, "నేను తలుపు తట్టొచ్చా?" అంది.

అందరం ఆగిపోయాం. ఆయన ముఖంలో వెలిగిన ఆనందం చూడాలి. కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, తన వేలి కణుపులతో బల్లను మూడుసార్లు తట్టారు. లోపల ఏడుపు ఆగింది. "ఎవరు?" అని చిన్న గొంతు. ఇరవై ముఖాల పాచిక చెల్లి చేతికిచ్చారు. ఆ గొంతు ఆమెను నమ్ముతుందో లేదో అదే తేలుస్తుందన్నారు. పద్దెనిమిది పడింది. తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత కథ మేమెవరం అనుకోని దారిలో వెళ్లింది. మరలో ఉన్నది రాక్షసి కాదు, వరదలో తల్లిని పోగొట్టుకున్న ఒక వింత జీవి పిల్ల. కత్తులు తీయాల్సిన అవసరమే రాలేదు. ఆట అయ్యాక నేను ఆయన్ని అడిగాను, ముందే అలా రాసుకున్నారా అని. తల అడ్డంగా ఊపారు. "నా కాగితంలో ఇక్కడ పోరాటం ఉంది. కానీ ఆవిడ తలుపు తట్టింది కదా," అన్నారు.

ఆ బల్ల దగ్గరే ఇంకో మాట చెప్పారాయన. ఈ ఆటకు మూలపురుషులైన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మొదట కలుసుకున్నది 1969 జెన్‌కాన్‌లోనేనట. ఐదేళ్లకు, 1974లో, ఇద్దరి పేర్లతో ఆట బయటికొచ్చింది. "ఇక్కడ పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారో చెప్పలేం," అంటూ పాచికలు సంచీలో వేసుకున్నారు.

శుక్రవారం నాకూ మావాడికీ అంత సాఫీగా గడవలేదు. పొద్దున తొమ్మిదింటి ఆటకు టికెట్లున్నాయి. మేమిద్దరం, ఇంకో నలుగురు, బల్ల చుట్టూ కూర్చున్నాం. నడిపించాల్సిన వ్యక్తి రాలేదు. అరగంట చూశాం. రాలేదు. టికెట్ డబ్బులు వెనక్కి వస్తాయి గానీ నెలల తరబడి ఎదురుచూసిన పొద్దు వెనక్కి రాదు కదా. మావాడికి కోపం వచ్చింది. లేవబోతుంటే ఎదురుగా కూర్చున్న టీచరమ్మ ఒకావిడ తన సంచీలోంచి చిన్న పెట్టె తీసి, "బల్ల మనదే, మనుషులున్నాం, మధ్యాహ్నం దాకా సమయముంది," అన్నారు. ఆరుగురం కలిసి ఆధారాలతో దొంగను పట్టుకునే ఆట ఆడాం. ఒకసారి ఓడిపోయాం, రెండోసారీ ఓడిపోయాం, మూడోసారి గెలిచి ఆరుగురం లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నాం. పక్క బల్లల వాళ్లు కూడా కొట్టారు, ఎందుకో తెలియకుండానే.

అదే రోజు అక్క స్టేడియంలో ఉన్నారు. కన్వెన్షన్ సెంటర్ సరిపోక ఎదురుగా ఉన్న లూకాస్ ఆయిల్ స్టేడియంలోనూ బల్లలు వేస్తారు. ఇండియానాపొలిస్ కోల్ట్స్ ఫుట్‌బాల్ ఆడే మైదానం అది. ఆ మైదానంలో, ఖాళీ గ్యాలరీల మధ్య, అక్క రోజంతా ట్విలైట్ ఇంపీరియం ఆడారు. ఆరుగురు ఆరు అంతరిక్ష జాతులుగా ఒక నక్షత్ర మండలం కోసం తలపడే ఆట. పది పాయింట్లు ముందు తెచ్చుకున్నవాళ్లదే గెలుపు, కానీ ఆ పదికి పూట సరిపోదు. పొద్దున వెళ్లిన మనిషి చీకటి పడ్డాక వచ్చారు. గెలవలేదు. తొమ్మిది దగ్గర ఆగిపోయారట. అయినా కళ్లు మెరుస్తున్నాయి. "నా ఎడమ పక్కన పంతొమ్మిదేళ్ల కుర్రాడు. ఏడు గంటలు నాతో సంధి నిలబెట్టుకున్నాడు. చివరి రౌండులో నన్ను ఓడించాలంటే సంధి తప్పాలి. తప్పలేదు. తనూ ఓడిపోయాడు. ఎందుకయ్యా అంటే, మాటిచ్చాను కదా అన్నాడు," అని రెండుసార్లు చెప్పారు.

రాత్రుళ్లు హోటల్ లాబీలో కలిసేవాళ్లం. ఏ హోటల్ లాబీ చూసినా మాలాంటి గుంపులే, అర్ధరాత్రి దాటినా. ఒక్కొక్కరం ఆ రోజు నేర్చుకున్న ఆట మిగతావాళ్లకు నేర్పాలని అనుకోకుండానే ఒక పద్ధతి ఏర్పడింది. నలుగురం రోజంతా ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఒకే అనుభవం నాలుగుసార్లు మిగిలేది. ఇప్పుడు నాలుగు తెచ్చుకున్నాం. శుక్రవారం రాత్రి చెల్లి మాకొక ఆట నేర్పింది. మావాడు అలవాటుగా, "ఆగు, అసలు రూల్ ఏంటంటే..." అని అందుకోబోయాడు. "మీరు కాసేపు ఊరుకోండి. అన్నయ్యా, ఒక ముక్క తీసి బల్ల మీద పెట్టండి," అంది నాతో. డెమో బల్ల అమ్మాయి గొంతే అది.

శనివారం పొద్దున ఇంకా అచ్చుకాని ఆటలను పరీక్షించే హాలుకు వెళ్లాం. ఆట చేసినవాళ్లే ఎదురుగా కూర్చుంటారు, చేత్తో కత్తిరించిన ముక్కలు, పెన్నుతో దిద్దిన అంకెలు. ఆడాక మన అభిప్రాయం కాగితం మీద రాసివ్వాలి. నాకెదురైన ఆట మధ్యలో చప్పబడింది. మొహమాటపడి బాగుందని రాయబోయాను. అక్క నా కాగితం చూసి, "ఆయన నీ పొగడ్త కోసం ఇక్కడ కూర్చోలేదు. ఎక్కడ విసుగొచ్చిందో రాయి," అన్నారు. నాలుగో రౌండు తర్వాత ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతోందని రాశాను. ఆయన చదివి, వెంటనే తన నోట్‌బుక్‌లో రాసుకుని, నాతో చేయి కలిపారు. నలుగురూ ఇదే అన్నారట.

కొత్తగా వెళ్లేవాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని. మెత్తటి, పాత బూట్లు వేసుకోండి. కొత్తవి వద్దు. రెండు ఆటల మధ్య కనీసం గంట వదలండి. ఒక హాలు నుంచి ఇంకో హాలుకు జనంలో పడి వెళ్లడానికే అరగంట పడుతుంది. కోరుకున్న ఆటకు టికెట్ దొరక్కపోయినా నిరాశపడొద్దు, జెనరిక్ టికెట్లు అని ఉంటాయి, అవి పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్తే రానివాళ్ల సీటు మనకివ్వచ్చు. ఆటలు కొంటే గదిలోనే విప్పి, ఒక పెట్టెలోనిది ఇంకో పెట్టెలో సర్దండి. సగానికి సగం గాలే ఉంటుంది వాటిలో.

శనివారం రాత్రి చూసింది మాత్రం విడిగా చెప్పాలి. కార్డ్‌హాలా అంటారు. గురువారం నుంచి ఒక మూల జనం వదిలేసిన పేక ముక్కలతో కోటలు కడుతూనే ఉన్నారు. ఎవరైనా కూర్చుని కట్టొచ్చు. చెల్లి రోజూ దొరికిన కాసేపు వెళ్లి ఒక గోపురం కట్టింది. పక్కన ఎనిమిదేళ్ల పాప వంతెన కట్టింది, ఇద్దరూ మాట్లాడుకుని రెండింటినీ కలిపారు. శనివారానికి అదొక నగరమైంది, కొన్ని మనిషెత్తు దాటాయి. ఆ రాత్రి జనం చుట్టూ చేరి చిల్లర నాణేలు విసిరి ఆ నగరాన్ని కూల్చేస్తారు. నాణేలన్నీ దానానికి వెళ్తాయి. లెక్క పెట్టగానే వందల చేతులు లేచాయి. నాణేల వాన. ముక్కలు విరిగే చప్పుడు కాదది, రెక్కల చప్పుడులా ఉంది. చెల్లి గోపురం ఒకసారి ఊగి నిలబడింది. ఆమె గుప్పిట్లో నాణేలు అలాగే ఉన్నాయి. ఆ పాప చెల్లి చెయ్యి పట్టుకుని లాగింది, "మనది మనమే పడగొట్టాలి," అని. ఇద్దరూ కలిసి విసిరారు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి హాలు మూసేశారు. సామాన్లతో బయటి వరండాలో కారు కోసం ఎదురుచూస్తున్నాం. మావాడు ఫోన్ చూసి పది నిమిషాల్లో వస్తుందన్నాడు. చెల్లి అప్పటికే నేల మీద కూర్చుంది. ఎదురుగా ఒక తండ్రి, ఇద్దరు పిల్లలు, వాళ్లూ ఎవరికోసమో చూస్తున్నారు. చెల్లి తను కొన్న చిన్న పేక కట్ట విప్పి ముగ్గురి ముందూ రెండేసి ముక్కలు పెడుతోంది. చిన్నవాడు రూల్స్ ఏంటని అడిగాడు.

"ముందు నీకు నచ్చింది ఒకటి పెట్టు. మిగతాది నేను చెప్తాను."

కారు వచ్చి ఆగింది. మావాడు పిలిచాడు. ఆమె వినలేదు. అక్క ఒకసారి కారు వైపు, ఒకసారి ఆ ముక్కల వైపు చూసి, భుజాన బ్యాగు దించి ఆమె పక్కన కూర్చున్నారు.

"నాకూ పంచు," అన్నారు.